హిగ్గిన్‌బాథమ్ ఊరు వెతుక్కుంటూ లాంకషైర్‌లో

మే 15, గురువారం – మాంచెస్టర్

"ఇంటిపేరు వెతుక్కుంటూ ఇంగ్లండ్ వచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నా అన్నయ్యా, అదీ మన ఇంటిపేరు కూడా కాదు" అని మా బాబాయి కొడుకు పొద్దున్నే మొదలెట్టాడు. నేను వచ్చింది వాళ్ళ పాప పుట్టినరోజుకి, అది అయిపోయింది, మిగిలిన సెలవులు నా పిచ్చికి. పిచ్చి ఏంటంటే హిగ్గిన్‌బాథమ్స్. సౌత్‌లో రైల్వే ప్లాట్‌ఫామ్‌ల మీద పుస్తకాలు కొన్నవాళ్ళకి ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు, 1844లో ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ అనే ఆయన మద్రాసులో పెట్టిన షాపు, మన దేశంలో ఇంకా నడుస్తున్న పుస్తకాల షాపుల్లో అన్నిటికంటే పాతది ఇదే అంటారు, మౌంట్ రోడ్డు మీద 1904 నాటి బిల్డింగు ఇప్పటికీ ఉంది. ఆయన టికెట్ లేకుండా ఓడెక్కి వస్తే మద్రాసులో దింపేశారని ఒక కథ, నిజమో కాదో గానీ వినడానికి బాగుంటుంది. వెస్లియన్ మిషనరీల పుస్తకాల షాపులో పనిచేసి తర్వాత దాన్నే కొనుక్కున్నాడు, చివరికి మద్రాసు షెరీఫ్ కూడా అయ్యాడు. ఇంత చేసినాయన ఇంటిపేరు అసలు ఏ ఊరిది అనేది నా డౌటు.

సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాం, సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో ట్రామ్ దిగితే ఎదురుగానే, గుండ్రంగా రోమన్ గుడిలా ఉంటుంది, 1934లో తెరిచారు. పైన పెద్ద రీడింగ్ హాల్ ఉంది, గుమ్మటం కింద ఎవరైనా కుర్చీ జరిపితే ఆ చప్పుడు హాలంతా తిరిగి మన చెవి దగ్గరికే వస్తుంది, ఒకాయన పెన్ను మూత పెట్టుకున్న చప్పుడు కూడా నాకు వినిపించింది, దగ్గు వస్తే బయటికి పరిగెత్తి దగ్గి వచ్చా.

నాకు కావాల్సింది కిందే ఉంది. 1921 జనాభా లెక్కల కాగితాలు ఇంట్లో కూర్చుని చూడాలంటే డబ్బులు కట్టాలి, ఇక్కడి కంప్యూటర్లలో ఫ్రీ. బ్రిటన్ మొత్తంలో ఇలా ఫ్రీగా చూపించే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వందేళ్ళు దాటితే గానీ బయటపెట్టరు కాబట్టి 2022లో వచ్చాయి, తర్వాతిది ఎప్పుడంటే 2052లో, ఎందుకంటే ఇంగ్లండ్, వేల్స్ 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో తగలబడిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే తియ్యలేదు. 

కౌంటర్ దగ్గర ఉన్నావిడ, మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి, నేను పేరు చెప్పగానే "ఏ స్పెల్లింగు లవ్?" అంది. ఇక్కడ అందర్నీ లవ్ అనే పిలుస్తారు, కంగారు పడక్కర్లేదు. ఏ స్పెల్లింగంటే ఏం చెప్తాం, హిగ్గిన్‌బాటమ్, హిగ్గిన్‌బాథమ్, హెగిన్‌బాథమ్, హికిన్‌బాటమ్, అన్నీ ఒక్క పేరేనట. 1901 దాకా మనకి దొరికేవి గుమాస్తా తన పుస్తకంలోకి ఎక్కించుకున్న పేర్లు, గుమాస్తాకి ఎలా వినిపిస్తే అలా. 1911 నుంచి ఇంటి పెద్ద తన చేత్తో నింపిన కాగితమే దాచారు. అందుకని ఒకే కుటుంబం పదేళ్ళలో స్పెల్లింగు మార్చుకున్నట్టు కనిపిస్తుంది గానీ వాళ్ళేం మార్చుకోలేదు అని ఆవిడ చెప్పింది. నాకు ఇది చాలా పనికొచ్చింది, ఎందుకంటే ఇంటర్నెట్‌లో "సిగ్గుపడి బాటమ్‌ని బాథమ్ చేసుకున్నారు" అని తెగ రాస్తారు. కొందరు చేసుకుని ఉంటారు, కాదనను, కానీ ఈ -బాథమ్ అనేది పాత కాలం నుంచీ పక్కపక్కనే ఉన్న రూపమే.

బాటమ్ అంటే ఇప్పుడు అందరికీ వచ్చే అర్థం పిర్రలు, పేరు పుట్టినప్పుడు మాత్రం లోయ అడుగున ఉండే పల్లపు నేల. పెన్నైన్ కొండల పడమటి వైపంతా చిన్న చిన్న లోయలు, లోయకో వాగు, వాగు పక్కన ఒక్కో పొలమూ ఇల్లూ, ఆ ఇంట్లో ఉండేవాడికి ఆ చోటు పేరే ఇంటిపేరు. రామ్స్‌బాటమ్, వింటర్‌బాటమ్, సైడ్‌బాటమ్, షఫుల్‌బాటమ్, రోబాటమ్ అన్నీ అలా వచ్చినవే. క్రికెట్ చూసేవాళ్ళకి ఒక్క మాట చెప్తే సరిపోతుంది, ఇయాన్ బోథమ్ ఇంటిపేరూ, ఉంగరాల జుట్టు రయాన్ సైడ్‌బాటమ్ ఇంటిపేరూ ఒకే మాటలోంచి పుట్టినవి. ఒకాయనకి సర్ బిరుదు వచ్చింది, ఇంకొకాయనకి స్కూల్లో ఏం వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. సైడ్‌బాటమ్ అని పిలిపించుకోలేక "సిడీ-బొటోమ్" అని సాగదీసి పలికేవాళ్ళ మీద ఇక్కడ జోకులు కూడా ఉన్నాయి.

రాత్రి రష్‌హోమ్ కర్రీ మైల్‌లో తిన్నాం, కబాబులు బాగున్నాయి, బిర్యానీ అని పెట్టింది బిర్యానీ కాదు, అంతే.

మే 16, శుక్రవారం – బోల్టన్

మాంచెస్టర్ అంటే వానలు, గొడుగు లేకుండా కదలకు అని మా మరదలు రెండు గొడుగులు పెట్టింది. నిప్పులు చెరిగే ఎండ. మనకి మామూలే గానీ ఇక్కడి వాళ్ళకి 22 డిగ్రీలంటే పండగ, ఆఫీసు చొక్కాలు విప్పేసి గడ్డి మీద పడుకున్నారు, భుజాలు టమాటాల్లా కందిపోయాయి.

నిఘంటువుల ప్రకారం హిగ్గిన్‌బాథమ్‌కి ముఖ్యంగా చెప్పే మూలం బోల్టన్ దగ్గర ఓకెన్‌బాటమ్. ఓక్ చెట్ల పల్లం. ఓకెన్ కాస్తా హికెన్ అయ్యి, రిచర్డ్‌కి ముద్దుపేరు హిక్, హిగ్గిన్ అని అప్పటికే ఉండబట్టి జనం నోట్లో అది హిగ్గిన్ అయిపోయింది. ఓక్ చెట్టు కాస్తా ఎవరో హిగ్గిన్ గారు అయిపోయాడన్నమాట.

బోల్టన్‌లో పసుపు రంగు బస్సులు, 2025 మేలో ఎక్కడికెళ్ళినా 2 పౌండ్లే, గంటలోపు ఇంకో బస్సు మారినా అదే టికెట్. పౌండు అప్పుడు 113 రూపాయల దగ్గరుండేది, ఈ దేశంలో నేను చూసిన వాటిల్లో న్యాయమైన రేటు ఇదొక్కటే. దిగేటప్పుడు ప్రతివాడూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతాడు, స్కూలు పిల్లలతో సహా. పక్క సీట్లో ఒక గుజరాతీ పెద్దాయన కూర్చున్నాడు, బోల్టన్ నిండా గుజరాతీలే, మిల్లుల్లో రాత్రి షిఫ్టులకి మనుషులు దొరకని రోజుల్లో వచ్చినవాళ్ళు. నాకు వచ్చిన హిందీలో చెప్తే ఆయన పడీ పడీ నవ్వాడు. "మా షెడ్డులో ఒకడు రామ్స్‌బాటమ్, ఒకడు ఎంట్‌విజిల్, ఒకడు హాస్లమ్, నా పేరు పలకలేక వాళ్ళు నన్ను పీట్ అనేవాళ్ళు, వాళ్ళ పేర్లు మాత్రం నేను పలకాలి" అన్నాడు. ఎంట్‌విజిల్ కూడా ఈ పక్క ఊరి పేరే. ఓకెన్‌బాటమ్‌కి ఎలా వెళ్ళాలి అంటే "అది ఊరు కాదు భాయ్, రోడ్డు" అని బరీ రోడ్డు మీద దింపించాడు.

నిజంగానే రోడ్డు. ఓకెన్‌బాటమ్ రోడ్ అని బోర్డు, ఎర్ర ఇటుక ఇళ్ళు, ముందు చెత్త డబ్బాలు రంగు రంగులవి, ఒక ఇంటి ముందు పిల్లల ట్రాంపొలిన్. ఎవడో పైకి వెళ్ళమంటే వెళ్ళా, అది తప్పు, బాటమ్ అన్నాక కిందికే కదా వెళ్ళాలి, మళ్ళీ దిగొచ్చా. కుక్కని తిప్పుతున్న ఒకావిడని "ఇక్కడ హిగ్గిన్‌బాటమ్ అనే వాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగితే, "మా వీధిలో ఎవరూ లేరు కాక్, పటేళ్ళు కావాలా, ఉన్నారు" అంది. కాక్ అనేది బోల్టన్‌లో ముద్దుగా పిలిచే పిలుపు, బాబూ అన్నట్టు. ఇది విన్నాక నాకు ఇంకో లెక్క గుర్తొచ్చింది, లండన్ కింగ్స్ కాలేజీలో రిచర్డ్ వెబర్ అనే ఆయన 1881 జనాభా లెక్కలనీ 2008 నాటి పేర్లనీ పక్కపక్కన పెట్టి చూశాడు, కాక్ (ఇంగ్లిష్‌లో దీనికి బూతర్థం కూడా ఉంది) అనే ఇంటిపేరున్నవాళ్ళు 3,211 నుంచి 785కి పడిపోయారు. డెత్ అనే ఇంటిపేరు 1,133 నుంచి 605కి. జనాభా ఆ మధ్యలో రెట్టింపు దాటింది మరి. అర్థం ఎబ్బెట్టుగా అనిపించిన పేర్లని వదిలించుకున్నారు అనేది అక్కడ నమ్మదగ్గ మాటే.

హిగ్గిన్‌బాటమ్ మాత్రం ఇక్కడ లేకపోవడానికి అది కారణం కాదు. పుట్టింది ఇక్కడ అన్నా, పేరు చిక్కగా ఉన్నది ఆగ్నేయంగా, స్టాక్‌పోర్ట్, మార్పుల్, యాష్టన్, గ్లాసప్ వైపు, చెషైర్ డర్బీషైర్ లాంకషైర్ మూడూ కలిసే మూలలో. ఒకడెవడో ఎప్పుడో వలస వెళ్ళి అక్కడ పిల్లల్ని కన్నాడు, వాడి కొడుకులకి కొడుకులు పుట్టారు, ఇక్కడున్న వాళ్ళకి పుట్టలేదు, ఇంతే అయి ఉంటుంది. అరుదైన పేర్ల సంగతి ఇలాగే ఉంటుంది. లెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోములు తీసి చూస్తే స్మిత్‌లలో ఒకడికీ ఇంకొకడికీ చుట్టరికం కనపడలేదు, అటెన్‌బరో అనే పేరున్న వాళ్ళలో మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఒకే తాత సంతానం అని తేలింది. స్మిత్ అంటే కమ్మరి, ఊరికొకడు ఉంటాడు. ఓక్ చెట్ల పల్లం ఊరూరా ఉండదు.

సాయంత్రం చర్చ్‌గేట్‌లో పేస్టీ షాపు, 1667 నుంచి ఉందని బోర్డు మీదే రాసుకున్నారు, శివాజీ ఆగ్రా నుంచి తప్పించుకున్న మరుసటేడు అన్నమాట. మాంసం బంగాళదుంప కూరిన పేస్టీ, పైపెంకు పెళుసు, లోపల మిరియాల ఘాటు, నోరు కాలింది. పక్కనున్న కుర్రాడు ఆ పేస్టీని బన్నులో పెట్టించుకుని తింటున్నాడు, పేస్టీ బార్మ్ అంటారట, పిండిలో పిండి పెట్టుకుని తినడం ఏంటో. అడిగితే "కడుపు నిండాలి కదా" అన్నాడు. మిల్లు కూలీల తిండి, తర్కం సరిగ్గానే ఉంది. ఇక్కడికి కాస్త దూరంలోనే డార్వెన్, విదేశీ బట్ట బహిష్కరణ వల్ల పనిపోయిన నేత కార్మికుల్ని చూడ్డానికి 1931 సెప్టెంబర్‌లో గాంధీ వచ్చింది ఆ ఊరికే. వాళ్ళు తిట్టకపోగా చప్పట్లు కొట్టారు.

మే 17, శనివారం – బరీ, రామ్స్‌బాటమ్

బరీ మార్కెట్‌కి ట్రామ్‌లో వెళ్ళాం, మావాడు కూడా వచ్చాడు. ఇక్కడ బ్లాక్ పుడ్డింగ్ ఫేమస్, పంది రక్తం, కొవ్వు, ఓట్స్ కలిపి పేగులో కూరి ఉడకబెడతారు. మావాడు మొహం తిప్పుకున్నాడు. నాకేం ఇబ్బంది అనిపించలేదు, మా వరంగల్ వైపు ఆదివారం పొద్దున మేక నల్ల, అంటే రక్తం, వేపుడు తిని పెరిగినవాణ్ణి, ఇది దానికి దూరపు చుట్టం అంతే, కాకపోతే పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ లేని చుట్టం. వేడి నీళ్ళలోంచి తీసి మధ్యకి చీల్చి ఆవపిండి పెట్టి ఇచ్చాడు, నల్లగా మెరుస్తోంది, తెల్ల కొవ్వు ముక్కలు అక్కడక్కడ, ఓట్స్ పంటికి తగులుతూ. కొట్టాయన నా మొహం చూస్తూ నిలబడ్డాడు, బాగుందా అని అడగడు, చూస్తాడు. ఇంకోటి ఇమ్మంటే అప్పుడు నవ్వాడు.

అక్కణ్ణుంచి రామ్స్‌బాటమ్, స్థానికులు రామీ అంటారు. పాత ఆవిరి రైలు ఉంది గానీ టికెట్ రేటు చూసి మావాడూ నేనూ ఒకర్నొకరం చూసుకుని 2 పౌండ్ల బస్సే ఎక్కాం. రైలు ఎలాగూ ఊరి మధ్యలో గేటు దగ్గర ఆగి పొగ వదిలి వెళ్తుంది, ఫ్రీగా చూశాం, పిల్లలకంటే పెద్దాళ్ళే ఎక్కువ వీడియోలు తీస్తున్నారు.

ఈ ఊరి పేరు అడవి వెల్లుల్లి పల్లం అని ఎక్కువమంది చెప్తారు, పొట్టేలు పల్లం అని కొందరు. నాకు మొదటిదే సరి అనిపించింది, ఎందుకంటే ముక్కు చెప్పింది. నది పక్కన చెట్ల నీడలోకి దిగగానే వాసన, తాలింపులో వెల్లుల్లి వేసిన ఇంటి ముందు నుంచి వెళ్తున్నట్టు. వెడల్పాటి ఆకులు, వాటి మధ్యలోంచి లేచిన కాడల చివర తెల్లటి పూల గుత్తులు, ఒక్కో పువ్వుకీ ఆరు రెక్కలు, కొన్ని అప్పటికే వాడి గింజ కడుతున్నాయి. ఆకు తుంచి నలిపితే వేళ్ళకి రాత్రి దాకా పోలేదు. వెయ్యేళ్ళ కింద పేరు పెట్టినవాడు ఇదే వాసన పీల్చి ఉంటాడు కదా, డిక్షనరీలో అర్థం చదవడం వేరు, ఇది వేరు. బోల్టన్‌లో ఓక్ చెట్టు దొరకలేదన్న వెలితి ఇక్కడ తీరింది.

రామ్స్‌బాటమ్ ఇంటిపేరుతో గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి జాన్ రామ్స్‌బాటమ్, 1814లో టాడ్‌మోర్డెన్‌లో పుట్టిన రైలింజన్ల ఇంజనీరు. ఇంజన్లలో వాడే చీలిక పిస్టన్ రింగు ఆయన చేసిందే, బైకు రిపేరు చేసే ప్రతి మెకానిక్కూ రోజూ దాని వారసుల్నే పట్టుకుంటాడు, పేరు మాత్రం ఎవరికీ తెలీదు. 

పబ్బులో కూర్చున్నప్పుడు సెప్టెంబర్‌లో రమ్మన్నారు, అప్పుడు బ్లాక్ పుడ్డింగ్ విసిరే ప్రపంచ పోటీలట, ఎత్తు మీద యార్క్‌షైర్ పుడ్డింగులు పేర్చి వాటిని కింద నుంచి లాంకషైర్ బ్లాక్ పుడ్డింగులతో కొట్టాలి. ఐదువందల ఏళ్ళ కిందటి రెండు జిల్లాల పగని తిండితో తీర్చుకుంటున్నారు. ప్రపంచ పోటీ అన్నారు, ఎవరొస్తారు అంటే "పక్క ఊరి వాళ్ళు" అన్నారు.

మే 18, ఆదివారం – మార్పుల్

పిక్కడిల్లీ నుంచి చిన్న రైలు. మార్పుల్‌లో కాలవకి 16 లాకులు, మెట్లలా ఒకదాని కింద ఒకటి, ఆదివారం కాబట్టి పడవలవాళ్ళు చెమటలు కక్కుతూ గేట్లు తోస్తున్నారు, దారినపోయేవాళ్ళు కూడా ఓ చెయ్యి వేస్తారు, నేనూ వేశా, నడుము పట్టింది.

హిగ్గిన్‌బాటమ్‌లు గట్టిగా ఉన్నది ఈ చుట్టుపక్కలే. స్టాక్‌పోర్ట్ చరిత్ర రాసిన 19వ శతాబ్దపు పెద్దమనిషి పేరు కూడా హెన్రీ హెగిన్‌బాథమ్. ఇంగ్లండ్ నుంచి అమెరికాకీ పోయింది పేరు, అక్కడ బాథమ్ స్పెల్లింగే ఎక్కువ, ఇప్పుడు ఇంగ్లండ్‌లో కంటే అక్కడే ఎక్కువమంది ఉన్నారు. లియాన్ హిగ్గిన్‌బాథమ్ అని పెద్ద జడ్జి, నల్లజాతి ఆయన, బానిసత్వం మీద చట్టాలు ఎలా పనిచేశాయో జీవితాంతం రాశాడు, 1995లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఇచ్చారు. అమెరికాలో ఎంతోమంది నల్లజాతి వాళ్ళకి ఇలాంటి ఇంగ్లిష్ పేర్లు బానిసత్వం రోజుల నుంచే అంటుకున్నాయి, అక్కడ వై క్రోమోజోము లెక్కలు పనికిరావు.

టీ కొట్లో ఒక పెద్దావిడతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది, ఖాళీ లేక. ఇక్కడ పక్కన కూర్చున్నాక వాతావరణం గురించి ఓ ముక్క మాట్లాడకపోతే మర్యాద కాదు, ఆ ముక్క అయ్యాక ఎందుకొచ్చావు అంటే చెప్పా. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. వాళ్ళ పుట్టింటి పేరు హిగ్గిన్‌బాటమ్, బాథమ్ కాదు, రెండు జీలు, రెండు టీలు, ఆ ముక్క ఫోన్లో చెప్పీ చెప్పీ చిన్నప్పట్నుంచీ నోరు నొప్పెట్టిందట. సిగ్గు అనిపించేదా అని అడిగా. "స్కూల్లో ప్రతి టీచరూ మొదటి రోజు ఒక్క క్షణం ఆగేవాడు, అంతే. మా నాన్న మార్చుకోమంటే కొట్టేవాడు" అంది. నాన్న మిల్లులో ఫోర్‌మన్, ఆయనకి నలుగురూ ఆడపిల్లలే. అక్కడితో వాళ్ళ ఇంట్లో పేరు ఆగిపోయింది.

ఇదే కదా మొత్తం కథ అనిపించింది నాకు. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇదే ప్రశ్న వేశాడు, పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు మాయమైపోతున్నాయి అని, వాట్సన్ అనే పాదరీ గారు దానికి లెక్క కట్టాడు, మగపిల్లల వైపే పేరు నడిచేటప్పుడు కొన్ని పేర్లు ఏ కారణం లేకుండా, వట్టి అదృష్టం మీదే ఆరిపోతాయి, అరుదైనవి ముందు. ఎబ్బెట్టు అర్థం, సిగ్గు, స్పెల్లింగు అన్నీ దాని తర్వాతే. మనవాళ్ళు దీనికి దత్తత అని ఒక విరుగుడు పెట్టుకున్నారు, వచ్చిన పిల్లాడి ఇంటిపేరు మారుతుంది. ఇక్కడి జమీందార్లు కూడా తక్కువేం కాదు, ఆస్తి కావాలంటే మా పేరు పెట్టుకో అని అల్లుళ్ళకీ మేనల్లుళ్ళకీ వీలునామాలో రాసేవాళ్ళు. నలుగురు ఆడపిల్లల మిల్లు ఫోర్‌మన్‌కి ఆ సౌకర్యం ఎక్కడిది.

స్కోన్ మీద ముందు జామ్ రాయాలా ముందు క్రీమ్ రాయాలా అని నేను చూస్తుంటే ఆవిడే రాసి ఇచ్చింది. పెద్ద మనవరాలికి మాత్రం ఈ మధ్య అమ్మమ్మ పేరు మీద మనసు పడిందట, కాగితాలు పెట్టించుకుని తన ఇంటిపేరు ముందు హిగ్గిన్‌బాటమ్ పెట్టి గీత గీసి కలిపేసుకుంది. ఇప్పుడు ఏ ఫారమ్ నింపినా గళ్ళు చాలక చివరి మూడక్షరాలు ఎగిరిపోతున్నాయని ఫోన్ చేసి గొడవ. "నేను ముందే చెప్పా, వినలేదు" అని ఆవిడ నా బిల్లు కూడా కట్టేసి, నేను వద్దంటుంటే వినకుండా, కర్ర తీసుకుని లేచింది.